సగం ఊడ్చిన వాకిలి

మా తీరం మొత్తం మీద మొట్టమొదటి మోటారు సైకిలు మా అయ్యదే. యాభై ఏళ్ళుగా ఈ మాట చెబుతున్నాను, వినేవాళ్ళు దొరికితే ఇంకా చెబుతాను. పొగమంచులో ఒడ్డు కనబడని పడవలు ఆ బండి చప్పుడు పట్టుకుని ఇంటికి వచ్చేవని కూడా చెప్పాను. ఇప్పుడు డెబ్బై దాటాయి కాబట్టి కొంచెం తగ్గిస్తాను. తీరం మొత్తం మీద కాదు, మా పేటలో మొదటిది. మా పేట అంటే నలభై గడపలు. బండి కొత్తదీ కాదు. అయ్య చేతికి వచ్చేసరికే ముగ్గురి కింద నలిగింది, ట్యాంకు మీద రంగు పొలుసుల్లా లేచిపోయింది, మూడోసారి కిక్కు కొడితే గాని పలికేది కాదు. మూడోసారి అన్నది కూడా అబద్ధమే. ఏడోసారి.

ఆ బండి ఇప్పటికీ నా వరండాలోనే ఉంది. శనివారం శనివారం నేనే విప్పుతాను, నేనే తుడుస్తాను, నేనే బిగిస్తాను. మెకానిక్కు చేతికి ఇవ్వను. కిందటి శనివారం అలాగే కిరసనాయిలు గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. వీధి గుమ్మం దగ్గర ఆటో ఆగింది. మా అప్ప దిగింది. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకన్న రెండేళ్ళు పెద్దది, పేరు నరసమ్మ. నర్సు ఉద్యోగం చేసి చేసి విరమించి, రాజాంలో ఉంటోంది. ఎలా ఉన్నావని అడగలేదు, మోకాళ్ళ నొప్పి తగ్గిందా అనలేదు. చేతిసంచి కింద పెట్టకుండానే, "బ్రేకు సూసేవేటిరా?" అంది. యాభై ఏళ్ళుగా ఈ ఇంటికి వచ్చిన ప్రతిసారీ అప్ప మొదటి మాట అదే. నేను ప్రతిసారీ నవ్వేసేవాణ్ణి. ఈసారి జాకెట్టు చెయ్యి కింద, ఆమె కుడి మోచేతి మీది మచ్చ కనబడింది. ముసలి చర్మంలో ముడతలన్నీ ఒక దిక్కుకి పోతే ఆ మచ్చ ఒక్కటీ వేరే దిక్కుకి మెరుస్తోంది. నవ్వు రాలేదు.

ఆ రోజుల్లో మా ఇంటికి రెండు వాసనలు. పొద్దున్న ఎండు చేప, సాయంత్రం కిరసనాయిలు. అమ్మ అప్పటికే పోయింది. అయ్య, అయ్య తల్లి మా మామ్మ, అప్ప, నేను. పడవలు ఒడ్డెక్కగానే అయ్య రెండు గంపల నిండా చేపలు వేసి, బండి వెనక అటూ ఇటూ కట్టి, విజయనగరం బజారుకి తీసుకుపోయేవాడు. దారి పొడుగునా గంపల్లోంచి ఉప్పునీళ్ళు కారేవి. ఎక్కడ కారితే అక్కడ తుప్పు. అందుకే వేటకి వెళ్ళని రోజున అయ్య బండి విప్పేవాడు. దానికో పద్ధతి ఉండేది. చిరిగిన తెరచాప గుడ్డ ఒకటి వాకిట్లో పరిచేవాడు. మొదట విప్పింది ఎడమ చివర, తర్వాతది దాని పక్కన, అలా వరసగా కుడి చివర దాకా. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి. వరసలో ఏదీ మిగలకూడదు, ఏదీ తగ్గకూడదు. గుడ్డ పరిచి ఉన్నంతసేపూ దాన్ని ఎవరూ దాటకూడదు, పక్కన ఎవరూ ఊడ్వకూడదు.

ఈ ఊడ్వకూడదన్న మాట మామ్మకి మహా కష్టంగా ఉండేది. ఎందుకంటే మామ్మ బతుకంతా ఆ వాకిట్లోనే ఉంది. కాకులు లేవక ముందే కొబ్బరి ఈనెల చీపురు చప్పుడు మొదలయ్యేది. మాది ఇసక వాకిలి. మామ్మ వంగి, వెనక్కి నడుస్తూ, ఒక విల్లు పక్కన ఇంకో విల్లు గీసుకుంటూ ఊడ్చేది. తెల్లారి చూస్తే వాకిలంతా పెద్ద చేప ఒకటి ఒళ్ళు చూపించినట్టు పొలుసులు పొలుసులుగా ఉండేది. మొదటి అడుగు వెయ్యడానికి మనసొప్పేది కాదు. కాని గుడ్డ పరిచి ఉంటే మాత్రం మామ్మ చీపురు ముట్టేది కాదు. అరుగు మీద కూర్చుని, ఎండు చేపల మీద వాలే కాకుల్ని అదిలిస్తూ, గుడ్డ ఎప్పుడు ఎత్తుతారా అని చూస్తూ ఉండేది.

అయ్యకి ఇంకో అలవాటు. వల కుట్టేటప్పుడు నూలు పళ్ళతో పట్టుకున్నట్టే, బండి పని చేసేటప్పుడు చిన్న చిన్న పిన్నులు పళ్ళ మధ్య పట్టుకునేవాడు. పోయేవి కావు. ఆయన మాట్లాడితేగా పోవడానికి! రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు పండగ. నేను ఆయన కొడుకునే గాని, నోరు మాత్రం వేరే ఎక్కడినుంచో వచ్చింది.

అప్పకి నర్సు ట్రైనింగుకి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. విజయనగరంలో, పొద్దున్న పది గంటలకి. మా పేట నుంచి చదువుకోడానికి బయటికి వెళ్ళే మొదటి ఆడపిల్ల అప్ప. ఇది పెంచి చెప్పడం లేదు. ముందురోజు మామ్మ బండి సీటుని కుంకుడు రసంతో మూడుసార్లు కడిగింది, మనవరాలి చీరకి చేప వాసన అంటకూడదని. అయ్య వల పని మీద అవతలి పేటకి వెళ్తూ, "బ్రేకు ఇప్పి తుడిసి బిగించు. రేపు గంపలు ఎయ్యం, మనిషి కూకుంటాది" అన్నాడు. అప్పటికి నాకు ఇరవై. అయ్య బండిని నా ఒక్కడి చేతికి వదలడం అదే మొదటిసారి.

ఆ బ్రేకు సంగతి కొంచెం చెప్పాలి. కాలితో తొక్కితే ఒక పొడుగాటి కడ్డీ లాగి వెనక చక్రాన్ని పడుతుంది. కడ్డీ పెడలును వదిలిపోకుండా ఒక మేకు. ఆ మేకు జారిపోకుండా దాని చివరి చిల్లులో చిన్న తీగ పిన్ను, గోరంత. ముందు చక్రానికీ ఒక బ్రేకు ఉండేది గాని అది పేరుకే. బండీ, బండి మీది మనుషులూ ఆ గోరంత తీగ మీద ఆధారపడి ఉండేవాళ్ళు.

నేను అన్నీ తుడిచాను. అన్నీ వరసలో పెట్టాను. చివరి పిన్ను అయ్యలాగే పళ్ళ మధ్య పెట్టుకున్నాను. అప్పుడే వరసకి బావయ్యే అప్పన్న వల భుజాన వేసుకుని వచ్చి మా వాకిట్లో ఆగాడు.

"ఏటిరా, ఇంజనీరుగారు ఏటో కొంప ముంచుతన్నారు?"

"ఈ బండి మొత్తం ఇప్పీసి, కల్లకి గంతలు కట్టినా మల్లీ బిగించీగలను బావా! మా అయ్యకైనా దీపం కావాల, నాకు అదీ అక్కర్నేదు!"

"అలాగా! నోట్లో ఏటో నములుతన్నావు, పాన్ ఏసినావేటి?"

నోరు తడుముకున్నాను. ఖాళీ. మొదటి మాట దగ్గర పడిందో, దీపం దగ్గర పడిందో తెలియదు. కింద ఇసక. అప్పన్న బావ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను మోకాళ్ళ మీద వాకిలంతా పాకాను. దోసిళ్ళతో ఎత్తి జల్లెడ పట్టాను. మామ్మ అరుగు దిగి, చూపు ఆనకపోయినా నా పక్కన కూర్చుని వేళ్ళతో ఇసక దువ్వింది. పొద్దు వాలుతోంది.

"అయ్యకి సెప్పీ. ఒక మాట అంతాడు, ఐపోద్ది" అంది మామ్మ.

"నానే సేసీగలనే. నువ్వు ఊరుకో."

చూరులో గేలాలు గుచ్చిన కొబ్బరి పీచు ముద్ద ఉండేది. అందులోంచి పెద్దది తీశాను. సొరచేపని లాక్కొచ్చే గేలం ఇంత కడ్డీని ఆపలేదా అనుకున్నాను. సముద్రం మీద బతికేవాడి బుర్రకే వస్తుంది ఆ ఆలోచన. ఏ మెట్ట ఊరి రైతు కొడుకో అయితే కంచె తీగ ముక్క ఒకటి మెలిపెట్టేవాడు, అది మెత్తగా వంగి నిలబడేది. నేను గేలాన్ని పొయ్యిలో కాల్చి నిటారుగా సాగదీశాను. జారకుండా ఉంటుందని కొనన ముల్లు కూడా ఉంచాను, అది నా తెలివి. చిల్లులో దూర్చి, చల్లారిన ఉక్కుని పట్టకారుతో అటూ ఇటూ వంచాను. వంచుతుంటే సన్నగా టిక్కుమంది. విన్నాను. విననట్టు ఉన్నాను. గేలం ఉక్కు లాగితే తెగదు, వంచితే విరుగుతుంది. ఆ సంగతి ఆ టిక్కు నాకు చెప్పింది.

అయ్య చీకటి పడుతుండగా వచ్చి, పెడలు ఒకసారి తొక్కి, కింద చెయ్యి పెట్టి తడిమాడు. తీగ లాంటిది చేతికి తగిలింది. "గట్టిగున్నాదా?" అన్నాడు. "ఉన్నాది" అన్నాను. మామ్మ అరుగు మీద నుంచి నా వైపు చూసింది. నేను అటు చూడలేదు.

పొద్దున్నే అప్ప నీలం చీర కట్టుకుని, కార్డు జాకెట్టులో దాచుకుని, ఒక పక్కకి కూర్చుంది. ఏడోసారికి బండి పలికింది. వెళ్ళిపోయారు. ప్రయాణం హడావిడిలో ఆ పూట వాకిలి ఊడ్వడం కాలేదు, మనిషి ప్రయాణమైన వెంటనే ఊడ్వకూడదు కాబట్టి మామ్మ చీపురు పట్టుకుని అరుగు మీదే ఆగింది. బండి నిలబెట్టిన చోట ఇసకలో ఏదో మెరిసింది. వంగి తీశాను. గేలం సగం ముక్క, ముల్లున్న కొన. అయ్య పెడలు తొక్కి చూసినప్పుడే విరిగిపోయి ఉండాలి. అంటే రెండో సగం ఆ చిల్లులో ఏ ఆధారమూ లేకుండా ఊరికే ఆని ఉంది. రోడ్డు మీద గోతులు. విజయనగరం ఇంకో మైలుందనగా దిగుడు, దిగుడు చివర రైలు గేటు.

"ఏటిరా అది?" అంది మామ్మ. అరచెయ్యి తెరిచి ఆమె కళ్ళ దగ్గర పెట్టాను. వేలితో తడిమింది. "ఎల్లు. సైకిలు తియ్యి. బేగి ఎల్లు రా!"

ఇక్కడి నుంచి కథ మీరు విని ఉంటారు, మా చుట్టాల్లో ఎవరైనా మీకు పరిచయం ఉంటే. సైకిలు మీద జీడితోటల అడ్డదారిలో గాలిలా పోయాను. చెప్పు తెగిపోయింది, కాలు కోసుకుపోయింది. దిగుడు దగ్గర తారు రోడ్డెక్కేసరికి దూరంగా గేటు పడుతోంది, బండి దిగిపోతోంది. సైకిలు వదిలేసి పరిగెత్తి, వెనక క్యారేజీ రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు రోడ్డుకి తన్ని, బండిని గేటుకి మూరెడు దూరంలో ఆపాను. మా మనవలకి అరికాలు మీద మచ్చ కూడా చూపించాను. ఆ మచ్చ ఆల్చిప్ప గుచ్చుకున్నది.

ఇక నిజం. సైకిలు తీసిన మాట నిజమే. మా ఇసక బాట తారు రోడ్డుని కలిసే చోటు దాకా తొక్కాను. అక్కడ ఆగాను. ఆయాసంతో కాదు. విజయనగరం వైపు పోయే లారీ ఒకటి వస్తోంది. డ్రైవరు అయ్యకి తెలిసినవాడు. చెయ్యెత్తితే ఆపుతాడు, ఎక్కించుకుంటాడు, దారిలో బండిని అందుకుంటాం. అందుకున్నాక డ్రైవరు ముందర, అప్ప ముందర, అయ్యకి నేను గేలం ముక్క చూపించాలి. చెయ్యి సైకిలు హ్యాండిలు మీదే ఉండిపోయింది. లారీ పోయింది. ఊడిపోదేమోలే అనుకున్నాను. ఇప్పటికే గేటు దాటేసి ఉంటారు అనుకున్నాను. ఒక మనిషి తనని తాను ఎన్ని రకాలుగా నమ్మించుకోగలడో ఆ పూట నేర్చుకున్నాను. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా జీడిచెట్ల కింద కూర్చుని, ఇంటికి వెళ్ళి మామ్మతో, "అందనేదే" అన్నాను. మామ్మ నా కాళ్ళ వైపు చూసింది. దుమ్ము కూడా సరిగా అంటని కాళ్ళు. అన్నం పెట్టింది. తినలేకపోయాను.

మధ్యాహ్నం రెండు, మూడు. ఆ బండి చప్పుడు పడవలకి వినబడేదన్నది అబద్ధమే గాని, మైలు దూరం నుంచి మాకు వినబడేది. అది వినబడక పోవడం కూడా ఒక చప్పుడే. గాలి, అలలు, కాకులు, ప్రతిదీ దాన్ని పోలి వినిపించి మళ్ళీ కాకుండా పోయేది. మామ్మ అరుగు మీద చీపురు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉంది. ఆ రోజు వాకిలి ఊడ్వలేదు. రోడ్డు మీద మనవరాలు ఉండగా ఊడ్వనంది. నేను మెట్టు మీద కూర్చుని, జేబులో ముల్లుని వేలికి గుచ్చుకుంటూ ఉన్నాను. ఇంకాసేపు ఆ చప్పుడు రాకపోతే ఈ ఇంట్లో నేనెవరిని అన్నదొక్కటే బుర్రలో తిరిగింది. చూడండి, అప్పుడు కూడా నా గురించే.

నాలుగు దాటాక వినబడింది. మెల్లగా, నడుస్తున్నట్టు వచ్చింది. అయ్య చొక్కా చిరిగి ఉంది. అప్ప నీలం చీర మోకాలి దగ్గర మట్టి, మోచేతికి గుడ్డ కట్టు. దిగుతూనే అప్ప అరిచింది.

"మామ్మా, సచ్చి బతికొచ్చేమే! గేటు పడిపోతంది, అయ్య బ్రేకు తొక్కితే కాలు కిందకి ఎల్లిపోనాది. బండిని పక్కన కంకర పోగులోకి తిప్పీసేడు. నేకపోతే రైలు కిందే! కడ్డీ ఏలాడతంది. పిన్ను నేదు. నా పమిట పిన్నీసు తీసి ఇచ్చేను, అయ్య దాన్తో కట్టి ఇంటర్వ్యూకి తీసికెల్లేడు. రగతంతోనే కూకున్నాను. ఏటమ్మా అదని అడిగితే, పడ్డానండీ, నానే కడుక్కున్నానండీ అన్నాను. అలాగైతే నువ్వే నర్సువి అని నవ్వేరు!"

అయ్య నవ్వలేదు. బండి స్టాండు వేసి, వంగి, పెడలు కింద మెరుస్తున్న పిన్నీసుని ఒకసారి చూసి, నా వైపు తిరిగాడు. "నిన్న తడిమితే ఏదో ఉన్నాది. ఏటి పెట్టేవు?"

"గేలం."

"పిన్నేటైంది?"

నోరు తెరిచాను. ఈ నోరు జీవితమంతా నన్ను కాపాడింది. అప్పుడూ కాపాడింది. "మామ్మ ఊడ్సీసింది. నాను లేసి ఎల్లి వచ్చేసరికి నేదు."

గుడ్డ పరిచి ఉంటే చీపురు ముట్టని మనిషి. ఆ సంగతి అయ్యకి తెలుసు, అప్పకి తెలుసు, నాకూ తెలుసు. అందరం అరుగు వైపు చూశాం. మామ్మ ఎవరినీ చూడలేదు. ఒళ్ళో చీపురుని సర్దుకుంది. "అవున్రా. నానే. కల్లు అగుపడ్నేదు" అంది.

అయ్య తల్లిని ఒక్క మాట కూడా గట్టిగా అనేవాడు కాదు. "ఇంక బండి కాడ ఊడ్సకే అమ్మా" అన్నాడు. అంతే. ఐదు మాటలు.

మర్నాడు కాకులు లేవక ముందే చీపురు చప్పుడు మొదలైంది. సగంలో ఆగిపోయింది. తెల్లారి చూస్తే వాకిలికి ఒక గీత పడి ఉంది. అటు సగం పొలుసులు పొలుసులుగా, చక్కగా. ఇటు సగం, బండి ఉన్న సగం, నూనె మరకలు, కాలి అచ్చులు, కాకి రెట్ట, నిన్నటిది నిన్నట్లాగే. ఆ రోజు నుంచి చచ్చిపోయేదాకా, ఎనిమిదేళ్ళు, మామ్మ ఆ గీత దాటి చీపురు వెయ్యలేదు. బండి ఊరికి వెళ్ళినా, గుడ్డ పరచని రోజైనా సరే. నేను రోజూ ఆ గీత మీంచి నడిచి బండి దగ్గరికి వెళ్ళేవాణ్ణి. ఇటు సగం నేను ఊడుద్దామని ఒకసారి చీపురు పట్టుకుంటే, "ఒగ్గీరా" అంది, కోపం లేకుండా.

ఇప్పుడు ఆ వాకిలి సిమెంటు. పిన్నులు పొట్లాల్లో దొరుకుతాయి, విప్పడం బిగించడం ఫోనులో చూసి నేర్చుకుంటున్నారు, వరసగా పెట్టుకోడానికి అర అరకీ అంకెలేసిన డబ్బాలు వస్తున్నాయి. నేను ఇప్పటికీ గుడ్డే పరుస్తాను. అంతకన్న బాగుంటుందని కాదు.

కిందటి శనివారం అప్ప కాఫీ తాగి, నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. గుడ్డ మీది వరస చూసింది. నేను బ్రేకు మేకు తుడుస్తూ, తల ఎత్తకుండా, "అప్పా, ఆ పిన్ను మామ్మ ఊడ్సనేదు" అన్నాను. నోట్లోంచి పడిన సంగతి చెప్పాను. గేలం ముక్క దొరికిన సంగతి, జీడిచెట్ల సంగతి, లారీ సంగతి అన్నీ చెప్పాను. యాభై ఏళ్ళ అబద్ధం విప్పడానికి కాఫీ చల్లారినంతసేపు కూడా పట్టలేదు.

అప్ప మోచెయ్యి రుద్దుకుంది. "తెలుసురా."

"ఎప్పుడు?"

"మామ్మ మంచాన ఉన్నప్పుడు సెప్పింది. సగం ఊడ్సడం అయ్య సెప్పేడని కాదట. అయ్య రెండో రోజే ఊడ్సుకోయే అన్నాడట. నువ్వు సూత్తావని ఒగ్గీసిందట. రోజూ సూత్తన్నాడు, ఏదో రోజు ఆడే సెప్తాడు అనీదట."

"ఎనిమిదేల్లా?"

"నీకేటి, నువ్వు ఆ గీతని బాగా తొక్కుకుంటూ ఎల్లిపోయేవు."

అప్ప కూడా మా ఇంటి మనిషే. మామ్మ అందని చెప్పిన ఈ మాటలు నిజంగా మామ్మవో, అప్ప కల్పించినవో నాకు తెలియదు. అడగలేదు కూడా. చిల్లులో కొత్త పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళూ వంచి, "సూడు" అన్నాను. అప్ప మోకాళ్ళు పట్టుకుని వంగి, వేలితో లాగి చూసి, "ఊఁ" అంది.

సాయంత్రం ఆటో వచ్చి అప్పని తీసుకెళ్ళింది. మనిషి ప్రయాణమైన వెంటనే ఊడ్వకూడదు కాబట్టి కాసేపు ఆగాను. రాజాం చేరానని ఫోను వచ్చింది. అప్పుడు గుడ్డ ఎత్తి, దులిపి, చీపురు తీసుకుని వాకిట్లో, అప్పట్లో బండి ఉండే వైపు సగం ఊడ్చాను. వంగి, వెనక్కి నడుస్తూ, విల్లు పక్కన విల్లు. తిరిగి చూస్తే ఏమీ లేదు. సిమెంటు మీద గీతలు పడవు.